ఎత్తులకు పేర్లు, పేర్లకు హద్దులు

గుర్రం ఒకే దూకులో రాజుకు చెక్ చెప్పి మంత్రినీ పట్టేస్తే దాన్ని ఫోర్క్ అంటారని చదరంగం నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే చెప్పేస్తారు. ఫోర్క్ అంటే ఏది, ఏది కాదు అని నిలదీసినవాళ్లు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చారు. పేర్లు ముందు పుట్టాయి, నిర్వచనాలు ఎప్పటికో.

9, 10 శతాబ్దాల్లో అబ్బాసీ ఖలీఫాల కాలపు ఆటగాళ్లు అల్-అద్లీ, అస్-సూలీ ‘మన్సూబా’లనే సమస్యలను పోగుచేశారు. అప్పట్లో మంత్రి ఏటవాలుగా ఒక్క గడే కదిలేది, శకటు రెండో గడికి దూకేది. దూరాన్నుంచి ఒక పావును కదలకుండా నొక్కిపెట్టే బలం ఏనుగుకే ఉండేది. ఏనుగూ గుర్రమూ కలిసి మూలనున్న రాజును కట్టేసే పద్ధతి మాత్రం ఇప్పటికీ ‘అరేబియన్ మేట్’గా బతికి ఉంది. ఆ రెండింటి నడక మారలేదు మరి. శకటు అలా దూరాన్నుంచి నొక్కిపెట్టే పిన్, మంత్రి చేసే దూరపు డబుల్ ఎటాక్ 15వ శతాబ్దం చివర ఐరోపాలో నడకలు మారాకే సాధ్యమయ్యాయి.

పేర్లు దక్కిన తీరు చూస్తే నవ్వొస్తుంది. మంత్రిని బలిచ్చి, సొంత పావుల మధ్యే ఇరుక్కున్న రాజును గుర్రంతో ముగించే ఎత్తు 1497లో స్పెయిన్‌లో అచ్చయిన లుసేనా పుస్తకంలోనే ఉంది. లోకం దానికి ‘ఫిలిడార్ వారసత్వం’ అని పేరు పెట్టింది. ఫిలిడార్ 18వ శతాబ్దపు ఫ్రెంచివాడు! ‘అనస్తాసియా మేట్’కైతే 1803లో వచ్చిన హైన్సే జర్మన్ నవల పేరు అతుక్కుంది.

ఇవన్నీ బోర్డు మీద కనబడే ఆకారానికి పెట్టిన పేర్లు. ఆకారాన్ని కాక ఆలోచనను పట్టుకోవడం నేర్పింది, నా లెక్కలో, భారతదేశం నుంచి వెళ్లిన ఒక సమస్య. 1845లో లవ్‌డే అనే ఇంగ్లిష్ మతాధికారి కూర్చిన నాలుగెత్తుల సమస్య లండన్ పత్రికలో వచ్చింది. తెల్ల ఆటగాడు తన పావును ఒక గడి దాటించి అవతలికి పంపుతాడు. తర్వాత అదే గడిలో మరో పావును పెట్టి, మొదటిదాని దారి తానే మూసేస్తాడు. ఎత్తే లేకుండా పోబోయిన నల్లరాజుకు కదిలే వీలు దొరుకుతుంది. అడ్డు తప్పుకోగానే మేట్. ‘ఇండియన్ థీమ్’ అని దానికి పేరు స్థిరపడింది. 1903లో కోట్స్, కోకెల్‌కోర్న్ అనే జర్మన్లు దీనిమీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. పావు ఎక్కడికి వెళ్లిందన్నది కాదు, ఎందుకు వెళ్లిందన్నదే థీమ్ అని వాళ్ల వాదన.

ఆటగాళ్ల పుస్తకాలు ఇంత లోతుకు పోలేదు. ముందున్న విలువైన పావును తరిమి వెనకదాన్ని కొట్టడాన్ని స్క్యూయర్ అనొచ్చని లివర్‌పూల్ బడిపంతులు ఎడ్గర్ పెన్నెల్ సూచించింది 1937లోనే. 1955లో రైన్‌ఫెల్డ్ అనే రచయిత 1001 బలిదానాల పుస్తకాన్ని థీముల వారీగా అధ్యాయాలు చేశాడు. అభ్యాసానికి బాగుంది కానీ, ‘పిన్’ అన్న శీర్షిక కింద ఇచ్చిన పజిల్ సగం విప్పి చేతికిచ్చినట్టే.

అసలు చిక్కు కంప్యూటర్‌తో వచ్చింది. లిచెస్ అనే చదరంగం సైట్‌లోని లక్షల పజిళ్లకు థీములు అంటించేది ప్రోగ్రామ్. దానికి ‘చూస్తే తెలుస్తుంది’ అంటే చెల్లదు. బంట్లమీద దాడి లెక్కలోకి వస్తుందా? దాడి చేసిన పావే ఊరికే పోయే గడిలో ఉంటే? ఫోర్క్ విషయంలో రెంటికీ ‘కాదు’ అనే జవాబు రాసుకున్నారు. కాపలా పావును పక్కకు లాగితే డిఫ్లెక్షన్, చెడ్డ గడిలోకి రప్పిస్తే అట్రాక్షన్. ఒకే బలి రెండు పనులూ చేస్తే రెండు పేర్లూ పడతాయి. అక్కడితోనూ తెగక, పేరు సరిపోయిందో లేదో ఓటేసే వీలు ఆడేవాళ్లకు ఇచ్చారు. పైగా కలగాపులగంగా పజిళ్లు ఇచ్చేటప్పుడు థీమ్ ముందు చూపరు. పజిల్ విప్పాకే అది కనబడుతుంది. రైన్‌ఫెల్డ్ పద్ధతికి ఇది తలకిందులు, నాకు నచ్చిందీ ఇదే.