త్రీఫేజు

తిరువూరు తోటల్లో "త్రీఫేజు వచ్చిందా?" అంటే, బోరు మోటారు వేసుకోవచ్చా అని. ఫేజు మూలం గ్రీకు. కనబడటం అని అర్థం. ఇంగ్లీషులో ముందు చంద్రకళలకే వాడారు. మనమూ 'మూడు కళల కరెంటు' అనుంటే ఎంత ముచ్చటగా ఉండేదో!

ఆ మూడూ 120 డిగ్రీల ఎడంతో, సెకనుకు 50 సార్లు పెరిగి తరుగుతాయి. ఒకటి తగ్గేసరికి ఇంకొకటి అందుకుంటుంది; మోటారు తనంతట తానే తిరుగుతుంది. ఇంట్లోని 230 వోల్టుల సింగిల్ ఫేజు మోటారుకు మొదట తోసేవాడు కావాలి. ఆ పని కండెన్సరుది. మామూలుగా అంతే పనికి ఈ మోటారు కరెంటూ కాస్త ఎక్కువే తాగుతుంది.

త్రీఫేజుకూ ఒక గండం ఉంది. నడుస్తుండగా ఒక ఫేజు పోయినా మోటారు ఆగదు. మిగతా రెండిటితో మొండిగా లాగి వైండింగు కాల్చుకుంటుంది. "ఫేజు పోయింది" అని కేక వినబడితే రైతు స్టార్టరు దగ్గరికి పరిగెత్తేది అందుకే.