ఓడదొంగ – కోర్సేరు : మారిషస్ చరిత్రలో నొక విచారణ

హిందూ మహాసముద్రమున మడగాస్కరుకు తూర్పుగా నున్న మారిషస్ ద్వీపము 1715 మొదలు 1810 వరకు ఫ్రెంచివారి యధీనమున నుండెను. వారు దానికి ఈల్ ద ఫ్రాన్సు అని పేరిడిరి. ఆంగ్లేయులు ఈ ద్వీపమును ఓడదొంగల పుట్ట యనిరి. ఫ్రెంచివారు వీరనావికుల నిలయమని కొనియాడిరి. ఒకే మనుష్యులను గూర్చి ఈ రెండు మాటలు ఎట్లు పుట్టినవో విచారించుటయే మా యుద్దేశము.

ముందుగా పదముల యర్థము నిర్ణయింపవలెను. ఏ ప్రభుత్వమునకును లోబడక, యుద్ధమనియు శాంతియనియు చూడక, చిక్కిన యోడ నెల్ల దోచువాడు ఓడదొంగ. యుద్ధకాలమున తన ప్రభుత్వ మిచ్చిన పరవానాతో, స్వంతదారుల యోడపై వెడలి, శత్రువుల నౌకలను మాత్రమే పట్టువాడు మరియొకడు. ఇతనిని ఫ్రెంచివారు కోర్సేరు అందురు. ఇతడు పట్టిన యోడను న్యాయస్థానము విచారింపవలెను. తీర్పు అనుకూలమైన పిమ్మటనే సరకు నమ్మి, యజమానులును నావికులును సొమ్ము పంచుకొందురు.

మొదటి తెగకు ఒలివియే లెవాస్యూర్ తగిన యుదాహరణము. ఇతడు 1721లో జాన్ టేలరుతో కూడి, పొరుగున నున్న బుర్బోన్ (నేటి రెయూనియన్) ద్వీపపు రేవులో, గోవా రాజప్రతినిధి పయనించుచుండిన పోర్చుగీసు ఓడను పట్టుకొనెను. 1730లో ఆ ద్వీపముననే అతనిని ఉరితీసిరి.

రెండవ తెగకు రోబేర్ సుర్కూఫ్ ప్రసిద్ధుడు. 1735లో గవర్నరుగా వచ్చిన ల బూర్దొనే పోర్టు లూయీని నౌకాస్థావరముగా తీర్చెను. 1793లో ఇంగ్లండుతో యుద్ధము రాగా, ఆ రేవునుండి కోర్సేరు నౌకలు వంగసముద్రముపై పడసాగెను. 1795లో సుర్కూఫ్ పరవానా కోరగా గవర్నరు మలార్తిక్ నిరాకరించెను. వర్తకపు ఓడగా పోవుటకు మాత్రమే యనుమతించెను. అయినను సుర్కూఫ్ బంగాళమునకు వచ్చి పలు నౌకలను పట్టెను. 1796 జనవరిలో బాలాసోరు చెంత, తాను పట్టిన పైలటు నావపై ఆంగ్ల పతాక నెత్తి, ఇరువదిమందికి లోపుబడిన యనుచరులతో ట్రైటన్ అను ఈస్టిండియా కంపెనీ నౌకను సమీపించి స్వాధీన మొనర్చుకొనెను.

ఇచటనే సమస్య తలయెత్తుచున్నది. పోర్టు లూయీకి మరలగానే, పరవానా లేనందున ఆ పట్టుబడు లన్నియు ప్రభుత్వపరమైనవి. సుర్కూఫ్ పారిసుకు పోయి మొరపెట్టుకొనెను. 1797లో డైరెక్టరీ ప్రభుత్వము అతనికి ప్రతిఫల మొసగెను. చేసిన పని యొక్కటే. ద్వీపమున నది అక్రమము, పారిసున నది దేశసేవ! పిమ్మట పరవానాతోనే వెడలి 1800 అక్టోబరులో కెంట్ అను పెద్దయోడను పట్టి యాతడు మరింత కీర్తిగాంచెను.

దీనినిబట్టి పరవానా వట్టి నటన యనుట తగదు. అది లేనిచో ఎంతటి వీరుని పట్టుబడియు ఆ ద్వీపముననే చెల్లలేదు. కాని ఆ పత్ర మొసగువాడును, తీర్పు చెప్పువాడును ఒక పక్షమువాడే యగుట మరువరాదు. ఆంగ్లేయులును తమ నౌకలకు అట్టి పరవానాల నిచ్చుచునే సుర్కూఫును దొంగ యనిరి.

మన తీరమున కీ చరిత్ర దూరమైనది కాదు. 1804 సెప్టెంబరులో ఈ ద్వీపమునుండి వచ్చిన లినోయి నౌకలు విశాఖపట్టణపు రేవుపై బడి ప్రిన్సెస్ షార్లెట్ అను ఓడను గొనిపోయినవి. లినోయి కోర్సేరు కాడు, ఫ్రెంచి నౌకాసేనాధిపతి. అయినను సరకు పోగొట్టుకొన్నవానికి ఓడదొంగ, కోర్సేరు, సేనాధిపతి అను భేదమువలన ఒరిగిన దేమి?

1810 డిసెంబరులో ద్వీపము ఆంగ్లేయుల వశమగుటతో పోర్టు లూయీ కోర్సేరుల కథ ముగిసినది. 1856 నాటి పారిసు ప్రకటన ఈ పరవానాల పద్ధతినే రద్దుచేసినది. కావున పరిశోధకులు ఈ రెండు తెగలను ఒకే పేరున బిలువరాదనియు, అట్లని పరవానాను జూచి దోపిడిని మరువరాదనియు మా యభిప్రాయము. ఒక నావికుని దొంగ యనిగాని వీరు డనిగాని వ్రాయుటకు ముందు, ఆ మాట ఏ రేవున పుట్టినదో విచారింపవలెను.