వంగిన ఊచలు

"కిటికీ ఊచలెవరు వంచారే?" అంది అమ్మ, కంటి ఆపరేషనయిన రెండో నెల్లో.

ఎవరూ వంచలేదు. ఊచలు తిన్నగానే ఉన్నాయి. షుగరు మూలంగా కంట్లో రక్తం కారి, రెటీనా మీద పొరలు కమ్మితే డాక్టరుగారు ఆపరేషను చేసి అదంతా తీసేశారు. చీకటి పోయింది. తీరా వెలుతురొచ్చాక, మనిషి కనపడుతోంది గానీ ముఖం ఆనడం లేదంది. రెటీనా నడుమ పచ్చచుక్క అని చిన్నప్పుడు సైన్సు పాఠంలో చదువుకున్నామే, అక్కడ నీరు చేరి వాచిందట. సూదిలో దారం ఎక్కించాలన్నా, బియ్యంలో రాళ్ళేరాలన్నా, మనవడి ముఖం పోల్చుకోవాలన్నా ఆ చుక్కే ఆధారం.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. ఇంట్లోకి జబ్బొచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెతక్కుండా ఉండలేను.

బతికున్న మనిషి కంటి లోపలికి చూసే సాధనాన్ని హెల్మ్‌హోల్ట్స్ 1851లో లోకానికి తెలియజేశాడు. నాలుగైదేళ్ళకే వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ దాంతో ఒక మధుమేహ రోగి కంట్లోకి తొంగి చూసి, పచ్చచుక్క దగ్గర పసుపు మచ్చలూ, రక్తమూ ఉన్నాయని రాశాడు. ఆ రోజుల్లో నేత్రవైద్యానికి పెద్దదిక్కు బెర్లిన్‌లోని ఫాన్ గ్రాఫె. ఆయన, దీనికి చక్కెర జబ్బే కారణమనడానికి రుజువేదీ అన్నాడు. 1872లో లండన్‌లో నెటిల్‌షిప్ మధుమేహ రోగుల కంట్లో, పచ్చచుక్క దగ్గర నీటి బుడగల్లాంటి తిత్తులు చూపించాడు. అయినా వాదన ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది.

వైద్యం సంగతి మరీ చిత్రం. 1945 జూలైలో సూర్యగ్రహణాన్ని చూసి పచ్చచుక్క కాల్చుకున్న ఒక రోగి కంటిని పరీక్షించాక, జర్మన్ డాక్టరు మేయర్ ష్వికెరాత్‌కి ఆలోచన తట్టింది. కాల్చే వెలుగు అతికించలేదా? హాంబర్గులో ఆస్పత్రి మిద్దె మీద అద్దాలమర్చి, సూర్యకిరణాలతోనే రెటీనాకి వాతలు పెట్టాడు. మబ్బు పడితే ఆ పూటకి వైద్యం లేనట్టే! ఆ వాతల విద్యే తర్వాత లేసరయింది. వాపున్న కంటికి లేసరు పెడితే చూపు తగ్గే ప్రమాదం సుమారు సగానికి పడుతుందని 1985లో అమెరికాలో పెద్ద పరిశీలన తేల్చింది. పోయిన చూపు తిరిగి రావడం మాత్రం అరుదు.

అమ్మకి చేసిన ఆపరేషను 1970లో మయామీలో మాకెమర్ మొదలుపెట్టింది. ముందు కోడిగుడ్డులోని తెల్లసొన మీద సాధన చేశాట్ట. ఆ మాట వినగానే అమ్మ "శివ శివ!" అని చెవులు మూసుకుంది.

ఇప్పుడు సూదిమందు కంట్లోకే ఇస్తున్నారు. రక్తనాళాల్లోంచి నీరు ఊరకుండా పట్టే మందు. అమెరికాలో ఈ వాపుకి 2012లో అనుమతించారు. అమ్మకి నెలకొకటి చొప్పున మూడయ్యాయి. ధర విని నేను బ్యాంకు పుస్తకం తీశాను. ఊచలు కాస్త తిన్నబడ్డాయంటుంది. ముఖాలింకా రాలేదు.

గ్రాఫెగారి సంగతి చెబితే మాత్రం అమ్మకి హుషారొచ్చింది. పన్నెండేళ్ళు "నాకు షుగరేమిటే, ఒట్టి నీరసం" అంటూ, వేసవి వస్తే బంగినపల్లి పళ్ళు ముందేసుకు కూర్చున్న మనిషి.

"అంత పెద్ద డాక్టరే ఒప్పుకోలేదుట కదే! నన్నంటారేం?"

నేనేం అనలేదు. నవల గొడవలో పడి ఆవిడ కంటి పరీక్ష రెండేళ్ళు వాయిదా వేసింది నేనే. నాలుగో సూది వచ్చే మంగళవారం.