డబ్బా లేవకపోతే ఎవరు లేపాలి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాళ్ళకీ ఊరి నించి ఈ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. "కంప్యూటర్ చాలూ ఐతలేదు, జర ఏమైందో చెప్పరాదు" అని. మేం రాసేది ప్రోగ్రాములు, డబ్బా విప్పడం మా పని కాదు అంటే అవతలివాళ్ళకి ఎక్కదు. "మరి కంప్యూటర్ ఇంజినీర్‌వి అంటివి గదా?" అనేస్తారు. నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్ర తవ్వాలి.

ముందు అసలు చిక్కు. కరెంటు వేసిన క్షణాన మెమరీలో ఏమీ ఉండదు. డిస్కు మీంచి ప్రోగ్రాము తెచ్చుకోవాలంటే, తెచ్చే పని చేసే ప్రోగ్రామొకటి ముందే ఉండాలి. మరి దాన్ని ఎవరు తెస్తారు? తన భుజాల మీద తానే ఎక్కినట్టన్నమాట. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడం అనే ఇంగ్లీషు మాటలోంచే ఈ "బూట్" వచ్చింది. మన పోలిక ఇంకా బావుంటుంది. ఎండిపోయిన చేతిపంపు ఊరికే కొడితే నీళ్ళు రావు, పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి కొట్టాలి. ఆ చెంబుడు నీళ్ళు ఎవరు పోస్తున్నారన్నదే బూటింగ్ చరిత్ర అంతా.

మొదట్లో పోసింది మనిషే. 1960లలో మన దేశంలో బాగా కనిపించిన ఐబీఎం 1401లో "లోడ్" మీట నొక్కితే మొదటి పంచ్ కార్డు మెమరీలోకి చదువుకుని, ఆ 80 అక్షరాల నించే పని మొదలుపెట్టేది. ఆ తర్వాతి తరం మినీ కంప్యూటర్లు కొన్నిటికి ముందు పలక మీద వరసగా స్విచ్చులుండేవి. లోడర్‌లో ఉన్న ఒక్కో మాటనీ స్విచ్చులతో పెట్టి లోపలికి ఎక్కించేవారు. హైదరాబాద్‌లో 1967లో ఏఎస్ రావు గారి నాయకత్వాన మొదలైన ఈసీఐఎల్, టీడీసీ వరస కంప్యూటర్లు తయారుచేసింది ఆ కాలంలోనే. యంత్రం లేవకపోతే "ఎందుకు లేవలేదు" అన్నది దీపాల వంక చూసి చదువుకోవాల్సిందే. చదవడం రానివాడికి అది గోడ.

ఇక్కడే మన కథలో అసలు మలుపు. విదేశీ కంపెనీల వాటా 40 శాతానికి తగ్గించుకోవాలన్న నిబంధన ఒప్పుకోక ఐబీఎం 1978లో మన దేశం వదిలి వెళ్ళిపోయింది. కంపెనీ పోయింది, యంత్రాలు మిగిలాయి. రేపొద్దున అవి లేవకపోతే? ఆ పనికోసం ప్రభుత్వం పెట్టిన సంస్థ ఒకటి అప్పటికే ఉంది, 1975లో పుట్టిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. పేరు చూడండి, మెయింటెనెన్స్! ఐబీఎం వాళ్ళ యంత్రాల బాగోగులు ఆ సంస్థ నెత్తికెత్తుకుంది. ఎవరో చేసిన యంత్రాన్ని విప్పి, అర్థం చేసుకుని, మళ్ళీ నిలబెట్టిన ఆ అనుభవంతోనే వాళ్ళు పెద్ద సాఫ్ట్‌వేర్ పనులకి వెళ్ళారు. రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణ వాళ్ళదే. హైదరాబాద్‌లో పరిశోధన విభాగం పెట్టారు. 1984లో పేరు సీఎంసీ లిమిటెడ్‌గా కుదిరింది, "మెయింటెనెన్స్" అన్న మాట మాయమైంది. 2001లో టాటాల చేతికొచ్చి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. మన ఐటీ వంశవృక్షంలో ఒక ముత్తాత రిపేరు మనిషి అని గుర్తుంచుకుంటే మంచిది :)

తర్వాతి మలుపు 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ. చెంబుడు నీళ్ళు చిప్పులోనే పెట్టేశారు, అదే బయాస్. ప్రాసెసర్ లేవగానే మొదటి మెగాబైటు చివర 16 బైట్ల దగ్గరికి వెళ్ళి పని మొదలుపెడుతుంది. ముందు తన ఒళ్ళు తానే తడుముకుంటుంది (పోస్ట్ అంటాం కదా), తర్వాత డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు తెచ్చుకుని పగ్గాలు దానికిస్తుంది. తడుముకున్నప్పుడు తేడా కనిపిస్తే నోరు విప్పుతుంది. తెర మీద 201 వస్తే మెమరీ, 301 వస్తే కీబోర్డు. తెరే లేకపోతే స్పీకరులో కూత. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలంటే డిస్‌ప్లే కార్డు గొడవ. కీబోర్డు దొరకలేదు, ఎఫ్1 నొక్కండి అని అడిగే జోకు కూడా అప్పటిదే!

జోకు సంగతి అలా ఉంచితే, ఇది చిన్న మార్పు కాదు. రోగం పేరు రోగే చెప్తోంది. అంటే వినే చెవి, గుర్తుంచుకునే బుర్ర ఉంటే చాలు, ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. 1984 నించి ఫీనిక్స్ లాంటివాళ్ళు ఐబీఎంకి సరిపోయే బయాస్ అందరికీ అమ్మడంతో ఎవరైనా పీసీ బిగించే రోజులొచ్చాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బోర్డు, ర్యాము, ఎస్‌ఎంపీఎస్ విడివిడిగా కొని బిగించుకున్నవాళ్ళు చదువరుల్లో చాలామందే ఉంటారు. ఆ చదువు అక్కణ్ణించి బస్సెక్కి ఊళ్ళకి వెళ్ళింది.

ఎంత దూరం వెళ్ళాలో చూడటానికి బిచ్కుందనే తీసుకోండి. అప్పట్లో నిజామాబాద్ జిల్లా, 2016 అక్టోబరు నించి కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజను. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ దగ్గరే కాబట్టి తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపించే ప్రాంతం. రైలు లేదు. హైదరాబాద్ నూట యాభై కిలోమీటర్ల పైమాటే. 1998 నవంబరులో కార్డ్ ప్రాజెక్టుతో రాష్ట్రంలో రెండు వందల పైచిలుకు రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లు వెళ్ళాయి. ఆ తర్వాత డీటీపీ షాపులు, ఇంటర్నెట్ సెంటర్లు, కాలేజీలు. ఇంత దూరంలో పొద్దున డబ్బా లేవలేదంటే, దాని ముందు నిలబడ్డవాళ్ళే డాక్టర్లు కావాలి. పొలాల మోటార్లన్నీ ఒక్కసారి అందుకుంటే పడిపోయే వోల్టేజి, కరెంటు తిరిగొచ్చినప్పుడు తగిలే దెబ్బ, దుమ్ము... పట్నం మాన్యువల్‌లో ఇవేవీ ఉండవు.

యంత్రాలు కూడా ఊరుకోలేదు. 1995లో ఏటీఎక్స్ వచ్చింది. అంతకుముందు స్విచ్చు నొక్కితే నేరుగా కరెంటు తెగేది, కలిసేది. ఏటీఎక్స్‌లో ఆ మీట బోర్డుకి పెట్టుకునే అర్జీ మాత్రమే. బోర్డు ఒప్పుకుంటేనే ఎస్‌ఎంపీఎస్ లేస్తుంది. అందుకే తప్పు ఎవరిదో తేల్చడానికి బోర్డు నించి కనెక్టరు పీకేసి, ఆకుపచ్చ తీగని నల్ల తీగకి పిన్నుతో కలిపి ఫ్యాను తిరుగుతుందా అని చూసే చిట్కా పుట్టింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ విరుచుకుపడి డిస్కు మొదలు తుడిచేయడమే కాక, కొన్ని బోర్డుల్లో బయాస్‌నే చెరిపేసింది. చెంబుడు నీళ్ళూ పారబోసిందన్నమాట. దానికీ మందు కనిపెట్టారు. అదే రకం బోర్డు మంచి చిప్పుతో లేపి, నడుస్తుండగానే ఆ చిప్పు ఊడబెరికి చచ్చిన చిప్పు పెట్టి, మళ్ళీ రాయడం. ఆ చేతులకి దండం పెట్టాలి. 2000ల మొదట్లో పాడు కెపాసిటర్లు ఉబ్బి బోర్డులు చచ్చిపోతుంటే, ఉబ్బినవాటిని కంటితో గుర్తుపట్టి టంకం పెట్టి మార్చిన మెకానిక్కులెందరో.

వీళ్ళందరి పద్ధతీ ఒకటే. అన్నీ పీకేయ్. బోర్డు, ప్రాసెసరు, ఒక్క ర్యాము ముక్క ఉంచు. ర్యాము పళ్ళు రబ్బరుతో తుడిచి పెట్టు. లేచిందా? ఒక్కొక్కటే కలుపుకుంటూ పో. ఏది కలిపాక పడిపోతే దొంగ అదే. మనం బగ్గు వెతికేటప్పుడు కోడు సగం సగం చేసుకుంటూ పోయేది ఇదే కదా!

ఇప్పుడు యూఈఎఫ్ఐ కాలం. తెర మీద కంపెనీ బొమ్మ తప్ప మాట కనిపించదు, చాలా డబ్బాల్లో కూత వేసే స్పీకరే లేదు. యంత్రం బలపడింది గానీ మళ్ళీ మూగదైంది. దూరం నించి అన్నీ సరిచేసేయొచ్చన్న ధీమా మనది. ఆ ధీమా 2024 జూలై 19న తేలిపోయింది. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క పాడు ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు లేవలేకపోయాయి. లేవని యంత్రానికి నెట్‌వర్కు మీంచి చేరేదెలా? చాలాచోట్ల మనిషే వెళ్ళి, దాని ముందు కూచుని, సేఫ్ మోడ్‌లోకి పోయి ఆ ఫైలు చెరపాల్సి వచ్చింది. ఆరోజు హైదరాబాద్ నించి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో దేశమంతా చూసింది.

యాభయ్యేళ్ళ కింద ఐబీఎం వెళ్ళిపోతుంటే ఎదురైన ప్రశ్నా, ఆనాటి ప్రశ్నా ఒకటే: యంత్రం ముందు నిలబడి చెంబుడు నీళ్ళు పోసే మనిషి ఉన్నాడా లేడా? హార్డ్‌వేర్ వాడు, సిస్టమ్ అడ్మిన్ కుర్రాడు అని మనం ఒక మెట్టు కింద కూచోబెట్టింది ఆ మనిషినే. మండల కేంద్రంలో బల్ల మీద నాలుగు చచ్చిన బోర్డులూ, ఒక టంకం కడ్డీ పెట్టుకుని కూచున్నతను నిజానికి సీఎంసీ వారసుడే. ఈసారి ఊరి నించి ఫోనొస్తే ఇంజినీరింగ్ పాఠం చెప్పకండి. "ఫ్యాను తిరుగుతుందా? కూత వచ్చిందా?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నల వెనక బోలెడు చరిత్ర ఉంది.