తెర పక్క ఉద్యోగం

ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో కొత్తవాళ్ళు ఎవరు కలిసినా రెండో ప్రశ్న ఒకటే: "ఎందులో పని చేస్తున్నారు?" నేను "థియేటర్లో" అంటాను. "సినిమా హాలా?" అంటారు. "కాదండీ, నాటకాలు, ఆపెరాలు వేసే థియేటరు" అంటే, "ఓహో, యాక్టింగా!" అని నా మొహం వైపు ఓసారి పరీక్షగా చూస్తారు. యాక్టింగూ కాదని చెప్పాక సంభాషణ గోంగూర పచ్చడి మీదకి మళ్ళుతుంది. తప్పు వాళ్ళది కాదు. నా ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. జర్మన్‌లో "ఇన్‌స్పిత్సియెంట్" అంటారు. ఇంగ్లీషువాళ్ళ స్టేజి మేనేజరుకి దాయాది లాంటివాడు.

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇక్కడే మాస్టర్స్ చదువుతున్నాడు. ఖర్చుల కోసం సాయంత్రాలు ఒక థియేటర్లో సెట్లు మోసే పనికి వెళ్తున్నాడు. "మావయ్యా, చదువు అయ్యాక నేనూ నీ లైన్లోకి వస్తే ఎలా ఉంటుంది? అమ్మకి ఇంకా చెప్పలేదు" అన్నాడు. వెంటనే రమ్మనీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. వాడికి చెప్పాలంటే ముందు ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో, ఎవరెవరి కష్టం మీద నిలబడిందో చెప్పాలి. అందుకే ఈ వ్యాసం.

మన సంస్కృత నాటకాల్లో మొదట వచ్చేవాడు సూత్రధారుడు. నటిని పిలిచి, సభకి నాటకం పేరు చెప్పి, కథ మొదలుపెట్టి తప్పుకుంటాడు. 1791లో గియోర్గ్ ఫోర్‌స్టర్, విలియం జోన్స్ ఇంగ్లీషు అనువాదం ఆధారంగా శాకుంతలాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. గోథే అది చదివి మురిసిపోయాడు. 1808లో అచ్చయిన ఫౌస్ట్ మొదటి భాగం ముందు థియేటరు డైరెక్టరూ, కవీ, విదూషకుడూ వాదించుకునే ఘట్టానికి మన సూత్రధారుడి ప్రస్తావనే ప్రేరణ అని పండితులు చెబుతారు. అదే 1791లో గోథే వైమార్ ఆస్థాన నాటకశాల బాధ్యత తీసుకుని, 1817 వరకూ నడిపాడు. చివరికి వేదిక మీదకి శిక్షణ పొందిన కుక్కని తెచ్చే నాటకం విషయంలో మాటా మాటా వచ్చి వదిలేశాడు.

ఆయన నాటకశాలలో "వ్యోఖ్నర్" అనే పద్ధతి ఉండేది. వ్యోఖె అంటే వారం. నటుల్లోనే పెద్దవాళ్ళు కొందరు వంతులవారీగా ఒక్కో వారం రిహార్సళ్ళూ ప్రదర్శనలూ సరిగా జరిగేటట్టు చూసేవారు. మా ఉద్యోగానికి ముత్తాత ఈ వారపు వంతువాడే అని నా నమ్మకం. అప్పటికి అది నటుడి నెత్తిన పడ్డ అదనపు చాకిరీయే తప్ప విడి వృత్తి కాదు.

దాన్ని వృత్తి దాకా తెచ్చినవాటిలో మొదటిది గుంపు. మైనింగెన్ అనే చిన్న సంస్థానపు ప్రభువు రెండో గియోర్గ్ తన నాటక బృందాన్ని 1874లో బెర్లిన్ తీసుకొచ్చి 'జూలియస్ సీజర్' ఆడించాడు. అందులో జనసమూహం నిజంగా జనంలా కదిలింది. ఒక్కో చిన్న గుంపుకి ఒక నాయకుడు, ఒక్కొక్కరికి ఒక్కో పని. 1890 వరకూ ఆ బృందం యూరప్ అంతా తిరిగి రెండువేల ఐదువందలకి పైగా ప్రదర్శనలిచ్చింది. ఆ సెట్లనీ, దుస్తులనీ, ఊరూరా కొత్తగా తీసుకునే గుంపునీ ఒక దారికి తెచ్చినవాడు లుడ్విగ్ క్రోనెక్. 1890లో మాస్కోలో ఆయన పనితీరు చూసిన స్టానిస్లావ్‌స్కీ తర్వాత దాని గురించి రాశాడు. ప్రయాణాలతో ఆరోగ్యం దెబ్బతిని 1891లో క్రోనెక్ చనిపోయాడు. నాటకచరిత్రల్లో ప్రభువు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, క్రోనెక్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా వాళ్ళ సంగతి మొదటినుంచీ అంతే.

రెండోది యంత్రం. 1881 డిసెంబరు 8న వియన్నాలో రింగ్‌థియేటర్ తగలబడింది. గ్యాసు దీపాలు ఆరిపోయి, చీకట్లో దారి తెలియక వందలమంది చనిపోయారు. ఆ తర్వాతే వేదికకీ ప్రేక్షకులకీ మధ్య ఇనుప తెర తప్పనిసరి అయింది. ఈనాటి జర్మన్ నిబంధనల ప్రకారం ఆ తెర 30 సెకన్లలో పూర్తిగా దిగాలి. 1896లో మ్యూనిక్‌లో కార్ల్ లౌటెన్‌ష్లేగర్ తిరిగే వేదిక కట్టాడు. కరెంటు దీపాలు వచ్చాయి. వేదికే తిరుగుతూ, పైనుంచి బరువులు దిగుతూ, కిందనుంచి పలకలు లేస్తూ ఉంటే, అన్నిటికీ కలిపి "ఇప్పుడు" అనే మనిషి ఒకడు కావాల్సి వచ్చింది. వంతువాడు పోయి, బల్ల ముందు కూర్చునేవాడు వచ్చాడు.

మూడోది కాగితం. 1846లో ఓల్డెన్‌బుర్గ్‌లో నాటకశాలల యజమానులు బ్యూనెన్‌ఫెరైన్ అనే సంఘం పెట్టుకున్నారు. ఒప్పందం మధ్యలో ఎగ్గొట్టి పోయే నటుల్ని కట్టడి చెయ్యడం దాని తొలి ఉద్దేశాల్లో ఒకటి. దానికి జవాబుగా అన్నట్టు 1871లో వైమార్‌లో, నటుడు లుడ్విగ్ బార్నే పిలుపు మీద, రంగస్థల ఉద్యోగుల సంఘం పుట్టింది. ఇద్దరూ కూర్చుని 1919లో ఉమ్మడి ఒప్పందానికి వచ్చారు. నాజీల కాలంలో సంఘం స్వాతంత్ర్యం పోయింది. 1944 సెప్టెంబరు 1న నాటకశాలలన్నీ మూతపడ్డాయి. యుద్ధం ముగిసిన నాలుగు నెలలకే, 1945 సెప్టెంబరులో, శిథిలాల బెర్లిన్‌లో డోయిచెస్ థియేటర్ మళ్ళీ తెర ఎత్తింది. ఈ దేశంలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే నాటకశాలలు ఇప్పుడు సుమారు 140.

2003 నుంచి అమల్లో ఉన్న ఒప్పందాన్ని "ఎన్‌ఫౌ బ్యూనె" అంటారు. అందులో ఇన్‌స్పిత్సియెంట్ పేరు నటులు, గాయకుల పక్కనే ఉంటుంది. గౌరవం బాగానే ఉంది, చిక్కూ అక్కడే ఉంది. సెట్లు మోసే కార్మికుడికి ఉండే స్థిరత్వం మాకు ఉండదు. మాది సాధారణంగా ఏడాది ఒప్పందం. సీజను చివర్లో ముగించదలిస్తే థియేటరు ఆ సీజనులో అక్టోబరు 31లోగా చెప్పాలి. చెప్పకపోతే ఇంకో ఏడాది దానంతట అదే సాగుతుంది. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి అంతకుముందు జులై 31లోగానే చెప్పాలి. పదిహేనేళ్ళు దాటితే తీసెయ్యడం దాదాపు కుదరదు. కనీస జీతం 2022 ఆగస్టు దాకా నెలకి 2000 యూరోలు. 2023 జనవరికి 2715 అయింది. పన్నులు కోయకముందు లెక్క సుమా!

ఇక పని. పొద్దున పదినుంచి రెండు దాకా రిహార్సలు, మళ్ళీ సాయంత్రం ఆరునుంచి పది దాకా రిహార్సలో ప్రదర్శనో. మధ్యాహ్నం నాలుగు గంటలు ఖాళీ. ఇంటికి వెళ్తే పిల్లలు స్కూల్లో, పిల్లలు వచ్చేసరికి మనం థియేటర్లో. వేదిక పక్కన బల్ల, దాని మీద తెరలు, మైకు, వరసగా మీటలు. ముందు నాటకం పుస్తకం, ఆపెరా అయితే పియానో స్వరలిపి. దాంట్లో పెన్సిలుతో రాసిన వందల గుర్తులు. చాలా చోట్ల దీపం వెలిగిస్తే "సిద్ధంగా ఉండు" అని, ఆర్పితే "కానీ" అని అర్థం. నటుల్ని గదుల్లోంచి పిలిచేది మనమే. ఆట అయ్యాక నివేదిక రాసేదీ మనమే: ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, ప్రత్యేక సంఘటనలు ఏమిటి.

నాకు పని నేర్పినావిడ అప్పటికే ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర ఉన్న మనిషి. నేను ఇంగ్లీషు పుస్తకం చదువుకుని వెళ్ళాను. ఇంగ్లీషువాళ్ళకి కుడి ఎడమలు వేదిక మీద నటుడివి. జర్మన్లకి ప్రేక్షకుడివి. ఆ పుస్తక జ్ఞానంతో ఒక రిహార్సల్లో కుడివైపు బండిని తొయ్యమన్నాను. నేను అనుకున్నది అది కాదు. రెండు బండ్లు ఎదురెదురుగా కదిలాయి, మధ్యలో ఒక గాయని. ఆవిడ నా భుజం మీదుగా మైకు లాక్కుని "హాల్ట్!" అని అరిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను తిట్టలేదు. మర్నాడు బల్లకి రెండు చివర్లా రెండు కాగితాలు అతికించి ఉన్నాయి. ఒకదాని మీద "నది", ఒకదాని మీద "ట్రామ్" అని రాసి ఉంది. మా భవనానికి ఒకవైపు నది, ఇంకోవైపు ట్రామ్ లైను. ఈ రోజుకీ నా తలలో కుడి ఎడమలు లేవు. నదీ, ట్రామూ ఉన్నాయి.

ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు సురభి గుర్తొస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో తెర లాగేదీ, మాయలకి తీగలు పట్టుకునేదీ, వేషం కట్టేదీ ఆ ఇంటివాళ్ళే. వాళ్ళకి బల్లా అక్కర్లేదు, గుర్తులూ అక్కర్లేదు. పిల్లలు ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ నాటకం వింటారు. కాంట్రాక్టు పద్యనాటకాల సంగతి ఇంకోటి. ఒక్కో పాత్రా ఒక్కో ఊరినుంచి వచ్చి, రిహార్సలు లేకుండా తెల్లారేదాకా ఆడేవారు. "ఒన్స్ మోర్" అన్నప్పుడల్లా పద్యం మళ్ళీ మొదలు. మా బల్ల దగ్గర ఎవరైనా "ఒన్స్ మోర్" అంటే లైట్లవాడు రాజీనామా ఇస్తాడు. కానీ అంత ప్రతిభ ఉన్న మనవాళ్ళకి వైమార్‌లో 1871లో దొరికిన లాంటి కాగితం దొరకలేదు. వయసు మళ్ళాక ఎందరో చేతులు చాచాల్సి వచ్చింది. కళ ఒక్కటే కడుపు నింపదు, కాగితం కూడా కావాలి.

అయితే ఆ కాగితం కూడా దేవుడేం కాదు. నాకు నేర్పినావిడకి పదమూడేళ్ళ సర్వీసు నిండాక థియేటరుకి కొత్త ఇంటెండెంట్ వచ్చాడు. కొత్త పెద్ద తన మనుషుల్ని తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. నిబంధన ప్రకారం ముందు పిలిచి ఆవిడ మాట విన్నారు, తర్వాత ఉత్తరం ఇచ్చారు, పరిహారమూ ఇచ్చారు. ఇంకో రెండేళ్ళు ఉంటే ఆ ఉత్తరం వచ్చేది కాదు. ఆవిడకి అప్పటికి యాభై నాలుగు.

కాబట్టి ఒరే నాయనా, నా మాటలు ఇవి. దీనికోసం చదువు మధ్యలో ఆపొద్దు. ఈ పనికి అందరూ గుర్తించే ఒకే డిగ్రీ అంటూ లేదు, ఎక్కువమంది నటననుంచో, నాట్యంనుంచో, దర్శకుడి సహాయకుడి పనినుంచో వచ్చి బల్ల దగ్గరే నేర్చుకున్నారు. జర్మన్ చీకట్లో గుసగుసగా చెప్పినా అర్థమయ్యేంత నేర్చుకో. స్వరలిపి చదవడం నేర్చుకో, ఆపెరా ఉన్న చోట అది లేకుండా అడుగు పడదు. కళ్ళముందు స్థిరత్వం కావాలనుకుంటే 1998లో పెట్టిన మూడేళ్ళ వేదిక సాంకేతిక శిక్షణ వైపు చూడు. చేరిన రోజే సంఘంలో చేరు. అక్టోబరు 31 క్యాలెండరులో ఎర్రసిరాతో రాసుకో. మీ అమ్మకి మాత్రం ఈ వారమే చెప్పు. నేను చెబితే అది నేను నూరిపోసిన బుద్ధి అనుకుంటుంది.

ఆవిడ చివరి ప్రదర్శన రాత్రి పక్కన నేనే ఉన్నాను. కంఠంలో వణుకు లేకుండా అందర్నీ పిలిచింది. చివరి దీపం ఆర్పింది. జనం చప్పట్లు కొడుతుంటే ఆవిడ అటు చూడకుండా నివేదిక నింపింది. మొదలు 19:32. ముగింపు 22:11. ప్రత్యేక సంఘటనలు: ఏమీ లేవు.

ఆ ఆఖరి మాట రాయడానికి కావల్సిన ఓపిక నీకుందో లేదో, అది మాత్రం నువ్వే చూసుకోవాలి.