పల్నాటి వీరచరిత్రని ఏ అరలో పెట్టాలి?

ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే. పల్నాటి యుద్ధం మీద ఇంతకుముందు చేసిన వీడియోలో "కోడిపందెంలో నాగమ్మ మోసం చేసింది" అని చాలా ధీమాగా అనేశాను. అది చూసి మా అమ్మ ఒక్క మాట అడిగింది: "నువ్వు చూశావా?"

నవ్వేశాను గానీ, దానికి నా దగ్గర సమాధానం లేదు.

నా గదిలో పుస్తకాలకి మూడు అరలున్నాయి. పైన చరిత్ర, మధ్యలో ఫాంటసీ, కింద సైన్స్ ఫిక్షన్. పల్నాటి వీరచరిత్ర ఇన్నాళ్లూ పై అరలోనే ఉంది. పేరులోనే చరిత్ర ఉంది కదా! మరి మనుచరిత్ర పేరులోనూ ఉంది. దాన్ని మనం జరిగిన సంగతుల లెక్కగా చదవం. పాత తెలుగులో చరిత్ర అంటే ఒకరి కథ, ఒకరి నడవడి. స్కూల్లో సోషల్ పుస్తకం చదివిన మనకి ఆ మాట వినగానే తేదీలు గుర్తొస్తాయి, అంతే.

కథ మీలో చాలామందికి తెలిసిందే, గబగబా చెప్పేస్తా. అనుగురాజు కొడుకుల మధ్య రాజ్యం రెండు ముక్కలైంది. గురజాలలో నలగామరాజు, ఆయన వెనక మంత్రి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓడిన మాచర్ల వాళ్లకి ఏడేళ్ల వలస. గడువు తీరాక రాయబారానికి వెళ్లిన అలరాజుని చంపేశారు. ఇక కారంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. చరిత్రకారులు దీన్ని 1178, 1182 మధ్య పెడతారు. వెలనాటి చోళుల కింద ఉన్న హైహయుల ఇంటి గొడవ ఇది. దీంతో వెలనాటి వాళ్ల బలం తగ్గి కాకతీయులకి దారి దొరికిందని కూడా అంటారు. పై అరకి చెందే సరుకు ఇదే, ఇంతే.

మిగతాదంతా ఎక్కడి నుంచి వచ్చింది? పాట నుంచి. ద్విపదలో ఉన్న వీరచరిత్ర శ్రీనాథుడిదని ప్రసిద్ధి, కాదన్న పండితులూ ఉన్నారు. శ్రీనాథుడు 15వ శతాబ్దం వాడు. అంటే యుద్ధానికీ ఆయనకీ మధ్య రెండు వందల ఏళ్ల పైమాటే. ఇవాళ మనం 1770ల నాటి ఒక ఊరి గొడవ మీద, అందులో ఎవరు ఎవరితో ఏమన్నారో సహా, పుస్తకం రాసినట్టు అనుకోండి. పైగా ఆయన పేరుతో దొరికింది ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధం భాగమే. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. ఇంకోపక్క కారంపూడిలో వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూనే ఉన్నారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ నోటి పాటని రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. మన పక్క ఊరి పాట నేను ముందు చదివింది ఆయన ఇంగ్లీషులోనే. సిగ్గే మరి, ఏం చేస్తాం.

ఇప్పుడు దీన్ని ఫాంటసీగా చదవండి. అబ్బా, ఎంత బాగుంటుందో! బాలచంద్రుడు పుట్టగానే జాతకం చూసి, వీడి వల్ల వంశనాశనం అంటారు. చంపెయ్యమని తండ్రే చెప్తే రహస్యంగా పెంచుతారు. పెద్దయ్యాక ఒకరోజు ఆడుకుంటుంటే అతని బొంగరం వెళ్లి ఒక ఆడపిల్ల కాలికి తగులుతుంది. అక్కడ మీవాళ్లు యుద్ధంలో ఉంటే నువ్వు ఇక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆ పిల్ల ఎత్తిపొడుస్తుంది. అంతే, కథ మలుపు తిరిగిపోతుంది. నేను చదివిన ఫాంటసీ నవలల్లో సగం వాటికి ఇలాంటి మలుపు లేదు. వాటిలో ఎక్కడో ఒక కత్తి దొరుకుతుంది, హీరో లోకాన్ని కాపాడతాడు. ఇక్కడ జాతకం నిజమవుతుంది, ఆ పిల్లాడే చచ్చిపోతాడు.

ఫాంటసీ మీద నాకున్న ఇష్టమే అమ్మ ప్రశ్నకి దారి చూపించింది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలలు రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, 15వ శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధాల నుంచి సరుకు తీసుకున్నాడు. పేర్లు మార్చి, డ్రాగన్లు పెట్టి, ఇది కల్పన అని ముందే చెప్పాడు. మొదటి మూడు పుస్తకాల్లో సెర్సీ మనకి వేరేవాళ్ల కళ్లతోనే కనిపిస్తుంది, దుర్మార్గురాలు. నాలుగోదాంట్లో ఆమెకి సొంతంగా అధ్యాయాలు ఇచ్చాడు. అప్పుడు ఆమె భయాలు తెలుస్తాయి. ఆమె మంచిదైపోదు గానీ, మనిషవుతుంది.

నాగమ్మకి ఆ నాలుగో పుస్తకం దొరకలేదు. 12వ శతాబ్దంలో జిట్టగామాలపాడు నుంచి వచ్చిన ఒక వితంతువు రాజ్యం నడిపిందని కథే ఒప్పుకుంటుంది. ఎలా నడిపింది? పన్నులేం చేసింది? ఎవరు ఆమె మాట విన్నారు? పాటకి అవి అక్కర్లేదు. ఎందుకంటే కారంపూడి వీరుల గుడిలో ప్రధానంగా పూజ అందుకునేది బ్రహ్మనాయుడి పక్షం వీరులు. పాడేది ఆ గుడి ముందు. ఇది పాడేవాళ్ల తప్పు కాదు, వాళ్లు చేసేది చనిపోయిన వీరుల్ని తలుచుకోవడం. దాన్ని తీసుకొచ్చి సాక్ష్యంలా కెమెరా ముందు పెట్టింది నేను. సినిమావాళ్లు నయం, నాగమ్మ వేషానికి 1947లో కన్నాంబని, 1966లో భానుమతిని తీసుకున్నారు. ఆ పాత్రకి ఎంత బరువు కావాలో వాళ్లకి తెలుసు.

మరి చాపకూడు కూడా కల్పనేనా? అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇక్కడ నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. అదే శతాబ్దంలో కళ్యాణంలో బసవన్న కులం మీద నిలబడి పోట్లాడాడు. ఆ ప్రశ్న అప్పటి దక్కనులో ఉంది. పల్నాడు దాకా రాలేదనడానికి కారణం లేదు. మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు బ్రహ్మనాయుడు, శివభక్తురాలు నాగమ్మ అని కథ చెప్పే మత భేదం కూడా ఆ కాలానికి సరిపోయేదే. సరిపోవడం వేరు, జరగడం వేరు. ఈ రెండిటి మధ్య గీత గియ్యకుండా వీడియో చేసేసి, తర్వాత జనం కులాలవారీగా "మావాడు, మీవాడు" అని కొట్టుకుంటుంటే నేను తప్పుకోలేను కదా.

కింద అర మర్చిపోలేదు. 'ఆదిత్య 369'లో లాగా టైమ్ మెషీన్ దొరికితే కారంపూడి యుద్ధానికి వెళ్లాలని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడైతే కొన్నేళ్లు ముందుకి వెళ్లి ఆ కోడిపందెం దగ్గర దిగుతాను. అయినా నేను నిలబడ్డ వైపు నుంచే చూస్తాను కదా. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు ఎందుకు పడిపోయిందో అటుపక్క వాళ్లని కూడా అడగాల్సిందే.

యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెప్తారు. పిడుగురాళ్ల దగ్గర, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు. పోయినవారం అమ్మని తీసుకుని వెళ్లాను. లోపల చీకట్లో ఫోన్ లైట్ వేసి, "ఇక్కడికే వచ్చాడంటమ్మా" అన్నాను. ఈసారి 'అంట' చేర్చినందుకు అమ్మ ఏమీ అనలేదు. కాళ్లకింద నీళ్లున్నాయి, జాగ్రత్తగా నడవమంది.

పుస్తకం ఇంకా టేబుల్ మీదే ఉంది.