పిడుగుకు లెక్క కట్టిన వందేళ్లు

1920 వేసవిలో, అమెరికాలోని షెనెక్టడీ ఊరికి దగ్గర్లో, వాగు ఒడ్డున ఉన్న ఓ చెక్క ఇంటి మీద పిడుగు పడింది. ఆ ఇల్లు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పేరుమోసిన ఇంజినీరు చార్లెస్ స్టైన్‌మెట్జ్‌ది. లోపలున్న అద్దం ముక్కచెక్కలైంది. మరొకరైతే ఊడ్చి పారేసేవారు. ఆయన మాత్రం పెంకులన్నీ ఏరి, ఓపిగ్గా పక్కపక్కన పేర్చి, గాజు పలకల మధ్య బిగించి, పిడుగు ఏ దారిన వచ్చి ఏ దారిన పోయిందో చూస్తూ కూర్చున్నారు.

ఆ ఆసక్తికి గట్టి కారణమే ఉంది. కరెంటు లైన్లు ఊళ్లు దాటి, కొండలెక్కి వందల మైళ్లు సాగుతున్న కాలమది. గాలివాన వస్తే చాలు, పింగాణీ ఇన్సులేటర్లు పేలిపోయేవి, ఊళ్లు చీకట్లో మునిగేవి. పిడుగును పరిశీలించాలంటే అది పడేదాకా ఆగాలి, పడ్డాక చూద్దామంటే అప్పటికే మాయం. అందుకే 1922లో స్టైన్‌మెట్జ్ ప్రయోగశాలలోనే పిడుగు పుట్టించారు. గాజు పలకలతో చేసిన కెపాసిటర్లలో విద్యుత్తు నింపి ఒక్కసారిగా వదిలితే లక్షా 20 వేల వోల్టులు, 10 వేల ఆంపియర్లు. ఆ దెబ్బకు చెక్క ముక్కలు తునాతునకలయ్యాయి. అదే ఏడాది థామస్ ఎడిసన్ వచ్చి, ఆ కృత్రిమ పిడుగుకు పగిలిన ఇన్సులేటర్లను చేతిలోకి తీసుకుని చూశారు. మరుసటి ఏడాదే స్టైన్‌మెట్జ్ కన్నుమూశారు.

పిడుగును పుట్టించడం చేతనైంది గానీ, అసలు పిడుగు లైనును ఎలా దెబ్బతీస్తుందన్న విషయంలో ఆ తరం ఇంజినీర్లు చాలామంది పొరబడ్డారు. నేరుగా తీగ మీద పడే పిడుగును ఏ లైనూ తట్టుకోలేదు, అలాంటివి అరుదు కూడా, కాబట్టి దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు తీగలో పుట్టే ప్రేరిత వోల్టేజీకి జాగ్రత్తపడితే చాలని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించింది వాదనలు కాదు, కొలతలు. 1924లో వెస్టింగ్‌హౌస్ ఇంజినీరు పీటర్స్ క్లైడోనోగ్రాఫ్ అనే పరికరం తయారుచేశారు. లైనులో వోల్టేజీ పొంగితే దాని ముద్ర ఫొటో ఫిల్ము మీద పాయలు పాయలుగా పడుతుంది. ముద్ర ఎంత పెద్దదైతే వోల్టేజీ అంత ఎక్కువ. తర్వాత టవర్ల మీద చిన్న ఉక్కు ముక్కలు అమర్చడం మొదలైంది. పిడుగు కరెంటు టవర్ గుండా దిగితే అవి అయస్కాంతాలవుతాయి. తీసుకెళ్లి ఆ బలం కొలిస్తే కరెంటు ఎంతో తేలుతుంది.

1930లో వెస్టింగ్‌హౌస్‌కే చెందిన చార్లెస్ ఫోర్టెస్క్యూ తేల్చి చెప్పేశారు: హైవోల్టేజీ లైన్లను పడగొడుతున్నది ప్రేరిత వోల్టేజీ కాదు, నేరుగా పడే పిడుగే. ఈ చరిత్ర మొత్తంలో అతి పెద్ద మలుపు ఇదే. పాత సిద్ధాంతం పూర్తిగా వృథా పోలేదు. ప్రేరిత వోల్టేజీ సాధారణంగా 3 లక్షల వోల్టులు దాటదు. అది పెద్ద లైన్లకు లెక్కలోకి రాదు గానీ, మన పల్లెల్లో తిరిగే 11 కేవీ లైనుకు ఈనాటికీ ముప్పే.

ఫోర్టెస్క్యూ మాటలోని తీవ్రత చిన్న గుణకారంలో తెలిసిపోతుంది. 30 వేల ఆంపియర్ల పిడుగు, కరెంటు మోసే ఫేజు తీగ మీద పడిందనుకుందాం. కరెంటు చెరిసగమై రెండు వైపులా పరుగెడుతుంది. అలా పరుగెత్తే అలకు తీగ చూపే నిరోధం సుమారు 400 ఓములు. 15 వేలను 400తో గుణిస్తే 60 లక్షల వోల్టులు. 132 కేవీ లైనులో వాడే పరికరాల పిడుగు పరీక్ష 6.5 లక్షల వోల్టుల దగ్గరే ఆగుతుంది. అందుకే ఫేజు తీగలకు పైన, గొడుగు పట్టినట్టుగా ఎర్త్ వైరు లాగుతారు. పిడుగు దాని మీద పడి, టవర్ గుండా నేలలోకి దిగిపోవాలి.

దిగాల్సిన నేల ఒప్పుకోవాలి కదా! టవర్ కాళ్ల దగ్గర నేల నిరోధం 10 ఓములుంటే, అదే పిడుగుకు టవర్ మీద లేచే వోల్టేజీ 3 లక్షలు. రాతినేలలో 100 ఓములుంటే 30 లక్షలు. కొంత కరెంటు ఎర్త్ వైరు మీదుగా పక్క టవర్లకు పోతుంది కాబట్టి అసలు అంకె కాస్త తగ్గుతుంది. అయినా టవర్ నుంచే ఫేజు తీగ మీదికి మెరుపు దూకడానికి అది చాలు. దీన్నే బ్యాక్ ఫ్లాష్‌ఓవర్ అంటారు. పిడుగు పని మైక్రోసెకన్లలో అయిపోతుంది గానీ, అది తెరిచిన దారిలో లైనులోని సొంత కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికే బ్రేకర్ ట్రిప్పవుతుంది.

ఈ 30 వేల ఆంపియర్ల అంకె ఊహ కాదు. స్విట్జర్లాండ్‌లో లుగానో పక్కనున్న సాన్ సాల్వటోరే కొండ మీద కార్ల్ బెర్గర్ 1943 నుంచి పిడుగుల్ని కొలిచారు. కొండెత్తు 900 మీటర్ల పైచిలుకు. దాని మీద 70 మీటర్ల టవర్లు నిలిపి, దశాబ్దాల తరబడి ఒక్కో పిడుగుకు ఒక్కో రికార్డు తీస్తూ పోయారు. 1975లో సహచరులతో కలిసి ఆయన ప్రచురించిన గణాంకాల్లో రుణావేశ పిడుగులోని మొదటి దెబ్బ కరెంటు మధ్యస్థ విలువ సుమారు 30 వేల ఆంపియర్లు. లైన్ల రూపకల్పనలో ఈనాటికీ ఆ అంకెకు పెద్దపీట.

ఇంతలో అమెరికాలో మరో దెబ్బ తగిలింది. 1950లలో ఒహాయో లోయలో కట్టిన 345 కేవీ లైన్లు, అప్పటి లెక్కలు చెప్పినదానికన్నా చాలా ఎక్కువగా ట్రిప్పయ్యాయి. పొడవాటి టవర్లు, పైన ఎర్త్ వైర్లు, అన్నీ ఉన్నాయి. లోపమెక్కడ? పరిశోధనకు పూనుకున్నవారిలో ఎడ్విన్ వైట్‌హెడ్ ఒకరు. మరో పరిశోధకుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి 1968లో ఆయన వెలువరించిన వ్యాసం తేల్చిన సంగతి వింటే ఇప్పటికీ ఆశ్చర్యమే: ఎర్త్ వైరును తప్పించుకుని ఫేజు తీగను తాకేవి బలమైన పిడుగులు కావు, బలహీనమైనవి.

పై నుంచి దిగే పిడుగు, తాను దేని మీద పడాలో చివరి అంగలోనే నిర్ణయించుకుంటుంది. ఆ అంగ పొడవు కరెంటును బట్టి ఉంటుంది. ఒక సూత్రం ప్రకారం 30 వేల ఆంపియర్లకు సుమారు 90 మీటర్లు, 5 వేలకు 28 మీటర్లే. పెద్ద పిడుగు దూరం నుంచే ఎర్త్ వైరుకు గానీ నేలకు గానీ చిక్కుతుంది. చిన్నది పక్కనుంచి జారి లోపలిదాకా వచ్చేస్తుంది. టవర్ ఎత్తు పెరిగేకొద్దీ ఎర్త్ వైరును ఫేజు తీగల మీదికి ఇంకా దగ్గరగా జరపాలన్న నియమం ఈ లెక్క నుంచే బలపడింది.

ఆపైన కంప్యూటర్ల కాలం. 1961లో ఆండర్సన్ అనే ఇంజినీరు, యాదృచ్ఛిక అంకెలతో లెక్కకట్టే మాంటే కార్లో పద్ధతిలో లైను మీద కాగితపు పిడుగులు కురిపించారు. 1969లో హెర్మన్ డోమెల్ ప్రచురించిన పద్ధతి, లైన్లలో పొంగే వోల్టేజీల్ని లెక్కించడానికి నేడు ప్రపంచమంతా వాడే ఈఎంటీపీ ప్రోగ్రాములకు పునాది. అందులోని కీలకం ఫ్రెంచి ఇంజినీరు బెర్జెరాన్‌ది. నీటి గొట్టాల్లో వాల్వు మూసినప్పుడు తగిలే దెబ్బను లెక్కించిన అదే పద్ధతి తీగల్లో పరుగెత్తే అలలకూ పనికొచ్చింది.

లెక్కలు కంప్యూటర్లకెక్కినా, పరీక్షలు ప్రయోగశాలల్లోనే. హైదరాబాద్ శివారు మేడిపల్లిలో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ ప్రయోగశాల ఉంది. అక్కడ కృత్రిమ పిడుగు పుట్టించే ఇంపల్స్ జనరేటర్ సామర్థ్యం 50 లక్షల వోల్టులు. స్టైన్‌మెట్జ్ యంత్రానికి 40 రెట్లు పైమాటే. 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి, 50 మైక్రోసెకన్లకు సగానికి దిగే ప్రామాణిక తరంగంతో ఇన్సులేటర్లను పరీక్షిస్తారు. ఇన్సులేటర్ ఎంత గట్టిదైనా, టవర్ కింది నేల సంగతి ప్రయోగశాల చూడలేదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ లైన్లు చాలాచోట్ల రాతినేల మీదే నిలబడ్డాయి. ఏప్రిల్, మే పిడుగులకు ముందే, నేల ఎండి ఉన్నప్పుడే టవర్ల నిరోధం కొలవాలి. 10 ఓములు మించినచోట అదనపు ఎర్తింగ్ పాతాలి. విద్యుత్ సంస్థలు ఈ పనిని వాయిదా వేయకూడదు.